ఎడం

రాయపురం ఆసుపత్రి, మేడమీద నాలుగో గది.
ఒకే చేతికి రెండుసార్లు పట్టీ చుట్టాం.
ఒకసారి పాదరసం, ఒకసారి కొత్త మిషను,
నడుమ అయిదు నిమిషాలు, ఫ్యాను చప్పుడు.
అట్లా ఎనభై ఆరుగురికి.

డీలరు తెచ్చిన కాగితం మీద
చుక్కలు చీమల బారులా ఏటవాలుగా ఎక్కిపోయాయి.
"సున్నా పాయింటు తొమ్మిది ఏడు, ఇంకేం కావాలి మేడం?"

మా అత్త గోడగడియారం పది నిమిషాలు వెనక.
మా గడియారంతో పాటే నడుస్తుంది, అడుగు తప్పదు.
దాన్ని నమ్మి బయల్దేరితే
బీచ్ స్టేషన్లో రైలు తోక కూడా కనపడదు.
వంత పాడడం వేరు,
ఒకే మాట చెప్పడం వేరు.

నేను ఇంకో బొమ్మ గీశాను.
అడ్డంగా, రెండింటి సగటు.
నిలువునా, మిషన్లోంచి పాదరసం తీసేస్తే మిగిలే ఎడం.
నడిమి గీత మూడు దగ్గర.
మూడంటే సర్దుకోవచ్చు,
వినే నర్సు చెవిలోనే అంత తేడా ఉంటుంది.
పైన పందొమ్మిది, కింద మైనస్ పదమూడు:
నూటికి తొంభై అయిదుగురు
ఈ రెండు గీతల మధ్య ఇమడాలి.
ఎంత ఎడం ఓర్చుకోవచ్చో మాత్రం లెక్క చెప్పదు.
అది డాక్టరు ముందే రాసి సంతకం పెట్టాల్సిన మాట.
మా డాక్టరు రాయలేదు.

కింది గీతకీ కింద, ఒంటరిగా, ఒక చుక్క.
"అదొక్కటి తీసేస్తే గీతలు దగ్గరికొస్తాయి కదా,"
డీలరు పెన్ను మూత తీశాడు.

ఆ చుక్క పేరు ఏకాంబరమ్మ.
కాశిమేడులో ఐసుగడ్డలు కొడుతుంది.
చెయ్యి అప్పటికింకా చల్లగానే ఉంది,
నాడి రెండడుగులు వేసి ఒకటి మింగుతోంది.
మిషను నూట ముప్పై ఎనిమిది అంది.
పాదరసం నూట అరవై నాలుగు దగ్గర తట్టింది.
రెండు అంకెలూ విని నవ్వింది.
"ఏందమ్మా, నాలో ఇద్దరుండారా?
ఏది నిజం?"

నిజం ఆ గదికి రాలేదు.
వచ్చినవి రెండు సాక్ష్యాలు,
అందులో ఒకటి ముసలిది కాబట్టి
దాన్ని పెద్దరికం కింద కూర్చోబెట్టాం.
ఆమెకి ఇదంతా చెప్పలేదు.
"మందు మానొద్దు" అన్నాను.

మూడోసారి చూద్దామంటే ఆగలేదు,
ఐసు కరిగిపోతుందట.
చెంగు సర్దుకుంటూ మెట్లు దిగుతుంటే చూశాను:
పట్టీ విప్పిన చోట, మోచేతికి పైన,
చర్మం మీద రెండు గీతలు,
ఇంకా ఎర్రగానే.