మూడు, ఒక ఖాళీ

ఇసకపల్లిలో రాత్రి నిద్రపోదు.
రొయ్యల గుంటల్లో ఏరేటర్లు
తెల్లార్లూ నీళ్ళు చిలుకుతానే ఉంటాయి.
ఎనిమిదేళ్ళు కాపలా కాసినా
ఆ మోత నాకు మోతే.
పిల్ల పుట్టిన పదకొండో రోజు
దాని ఏడుపు పోయి ఆ మోత మీద వాలింది.
అప్పుడు తెలిసింది, అది శ్రుతి.
కరెంటోళ్ళు పట్టి ఉంచిన షడ్జం.

పిల్లది పంచమంలో ఎత్తుకుంటుంది.
సగంలో ఊపిరి మరిచిపోతుంది,
నాదీ ఆగుతుంది.
మళ్ళీ ఏ మెట్టుకీ అందని చోట అందుకుంటుంది.
ఎక్కిళ్ళు మాత్రం లెక్క తప్పవు.
మూడు, ఒక ఖాళీ. మూడు, ఒక ఖాళీ.

ఇరవై ఏళ్ళుగా ఆదివారాలు
ఎవరెవరి పాటలకో వేళ్ళు అరువిచ్చాను.
చర్చిలో, పెళ్ళిళ్ళలో,
సమాధుల దొడ్లో ఒకసారి వానలో, గొడుగు కింద.
నాదంటూ ఒక్క పల్లవి లేదు.
నీకు రాదురా అని ఎవరూ అన్లేదు,
నేనే అనుకున్నా.

తెల్లారుజాము మూడు.
రూతమ్మ నడుం వాల్చి గంట కాలేదు.
చీర ఉయ్యాల్లో పిల్ల
చేపలాగా నోరు తెరిచి మూస్తా ఉంది.
హార్మోనీ పెట్టె ముందు కూచున్నా.
తిత్తి తెరిస్తే పిల్ల లేస్తుంది,
తెరవకపోతే పాట పోతుంది.

తెరవలేదు.
ఉత్త మెట్ల మీద వేళ్ళు నడిపించా.
టక్. టక్. టక్.
గాలి లేని పెట్టెలో ఎలుక తిరిగినంత చప్పుడు,
మిగతాదంతా నా తలకాయలో.
ఊపిరి మరిచే చోట ఆగాను.
ఎంతసేపు ఆగాలో ఏ పాటా నేర్పలేదు,
పిల్ల నేర్పింది:
భయమేసేదాకా.

రెండో చుట్టు వస్తా ఉంటే
చీకట్లోంచి రూతమ్మ, కళ్ళు తెరవకుండానే:
"ఆడ తొందరపడ్డావు.
అది ఇంకాసేపు ఆగుద్ది."

నీకెట్ట వినపడింది మే, అని అడగబోయా.
కరెంటు పోయింది.

గుంటలన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
గట్ల మీద టార్చిలైట్లు ఉరికాయి,
ఎవరో జనరేటరు అని అరిచారు.
ఊరి కింద నుంచి నేల లాగేసినట్టు నిశ్శబ్దం.
దానికి లేచింది పిల్ల,
మోతకి కాదు.

ఇంకేముంది,
తిత్తి తెరిచా.
పిల్ల ఎత్తుకున్న చోటే ఎత్తుకున్నా.
ఈసారి ఆడ ఆగాను,
రూతమ్మ సరే అనేదాకా.