పదకొండు ముద్రలు

తొమ్మిదో అంతస్తులో తీర్మానం మీద
పదకొండు ఎర్ర ముద్రలు పడ్డాయి.
కురామోచి గారిని ఎవరూ అడగలేదు.

ప్రకటన రాసే పని నాది.
"తప్పుకుంటున్నాం" అంటే కొట్టేశారు.
"విరామం" కూడా వద్దన్నారు,
మళ్లీ వస్తారా అని అడుగుతారట.
చివరికి "వనరుల పునర్వినియోగం" అని పంపాం.
రెండు పేజీల్లో
ఇంజను అన్న మాటే లేదు.

కిటికీ బయట షిజువోకా తేయాకు మడుల మీద వాన.
కాగితం పట్టుకుని పరీక్షగదికి దిగాను.
ఆరో నంబరు ఇంజనుకి అది ఇరవై రెండో గంట.
గాజు అవతల పొగగొట్టం
పండుమిరప రంగులో కాలుతోంది.
"ఇంకో రెండు గంటలు," అన్నారాయన తలెత్తకుండా.
"ఆపేయమన్నారండీ."
"పందెం ఆపమన్నారు. దీని సంగతి ఎవరూ చెప్పలేదు."

వెనకటిసారి వదిలేసి వెళ్లి
ఏడేళ్లకి తిరిగొచ్చారు.
అప్పటికి అచ్చులు తుక్కులో కలిశాయి.
వాల్వు స్ప్రింగు బిగువు వేళ్లతో చెప్పగలిగే ముగ్గురిలో
ఒకరు పోయారు,
ఒకరు నూడుల్స్ కొట్టు పెట్టుకున్నారు.
మిగిలింది ఈయన.
మార్చిలో ఈయనా రిటైరు.

ఇరవై నాలుగు నిండాక మీట దించారు.
చల్లారే లోహం టిక్కు టిక్కుమంది చాలాసేపు.
"వారానికోసారి చేత్తో తిప్పాలి, పట్టేయకుండా.
కుడివైపుకి, చుట్టున్నర.
ఎక్కువ తిప్పకు."

గురువారాలు వెళ్తున్నాను.
గేటు దగ్గర పుస్తకంలో
వచ్చిన పని అన్న గడి ఉంటుంది.
వనరుల పునర్వినియోగం
అని రాస్తాను.