సంచకారం

మా తాత దీన్ని సంచకారం అనేవాడు.
మస్తాన్‌బీ బజానా అంటుంది.
ఫారంలో గడి పేరు మాత్రం
నిర్వహణ రుణం.

"నేను అప్పివ్వలేదు బాబూ,
మిషను కొనుక్కున్నా."
కొనడం పూర్తికాలేదమ్మా,
పూర్తికాని కొనుగోలుని చట్టం అప్పంటుంది.
బ్రాడీపేట నాలుగో లైన్లో
ఫ్యాను గాలికి లేస్తున్న కాగితాల మీద
స్టాప్లరు పెట్టి చెబుతున్నాను.

రెండు లక్షల నలభై వేలు.
లక్ష పొదుపు సంఘం లోను,
మిగతాది పదకొండేళ్ళు
రోకటిపోటుకి తుమ్ముతూ కూడబెట్టింది.
బెజవాడ ఆటోనగర్ కంపెనీ నలభై రోజులంది.
నలభయ్యో రోజున షట్టరుకి నోటీసు.
కింద సంతకం, దాని కింద హోదా:
పరిష్కార నిపుణుడు.
"పరిష్కారమంటే మంచిదేగా?"

మిషను తయారైంది కూడా.
షట్టరు సందులోంచి చూసిందట,
ఆకుపచ్చ రంగు,
తొట్టి మీద సుద్దముక్కతో
మస్తాన్‌బీ, గుంటూరు.
సుద్దరాత హక్కు కాదని
ఎట్లా చెప్పను?
జాబితాలో అది కంపెనీ ఆస్తి.

వరస చెప్పాను.
ముందు ఈ వ్యవహారం నడిపే ఖర్చులు,
తర్వాత కూలీల బకాయిలు, తాకట్టున్న బ్యాంకు,
తర్వాత, ఆ తర్వాత...
"చక్కెర అయిపోయాక
రేషను షాపు ముందు నిలబడటం" అంది.
ఓటుంటుందా మనకి?
బ్యాంకులకుంటుంది.
ఫ్లాటుకి కట్టినోళ్ళకి ఉందంటగా?
ఉంది. వాళ్ళకోసం చట్టం మార్చారు.
కారం మిషను కొనే మనిషి
ఇంకా ఎవరికీ గుర్తురాలేదు.

రుజువులడిగింది ఫారం.
బ్యాంకు కాగితం, విజిటింగ్ కార్డు,
కార్డు వెనక పెన్నుతో "అడ్వాన్సు ముట్టింది".
ఏం చేస్తామో ఎవరూ రాయలేదు.
వేలిముద్ర వేసింది.
నీలం ఇంకు చుట్టూ
గోటి సందులోంచి దిగిన ఎరుపు.

ఎంతొస్తుందంది.
రూపాయికి పావలా వస్తే అదృష్టం అన్నాను.
పావలా కూడా
నా నోటి మంచితనం.

ఫీజు ఐదొందలమ్మా, ముందే ఇవ్వాలి.
అలవాటుగా వచ్చేసింది.
ఇచ్చింది. లేవలేదు.
"రసీదు?"

పదహారేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను,
ఒక్కరూ అడగలేదు.
సొరుగులో రసీదు పుస్తకం కూడా లేదు.
తెల్లకాగితం చింపి రాశాను:
ఐదువందలు ముట్టినవి,
ఫారం గడువులోగా పంపిస్తాను.

పంపిస్తాను అన్నదెక్కడుందో
వేలు పెట్టి చూపించమంది.
దానికింద గీత గీయించుకుని
మడిచి
సంచిలో పెట్టుకుంది.