కనపడని అగ్గి

పాత గుంతకల్లులో మస్తాన్‌వలి కత్తి ఆపి చూశాడు.
"కొట్టకుండానా సార్?"
కొట్టకుండానే.
పొట్టేలి పక్కటెముకలు, పలకకు పలకగా, రెండు.
"ఇట్ల ఎవరూ అడగరు" అంటూ
మొద్దుకు పని చెప్పకుండా కాగితంలో చుట్టిచ్చాడు.

రెస్టు దొరికిన ఆదివారం.
పదిహేడు రోజుల తర్వాత
రాత్రి అన్నానికి నేనూ ఇంట్లో ఉంటాను.

పులుసు నిన్ననే కాచిపెట్టాను.
ధర లేని టమాటాలు రెండు కిలోలు,
నార తీసిన చింతపండు, పిడికెడు బెల్లం,
బళ్లారి నుంచి బండి తెస్తూ తెచ్చుకున్న బ్యాడిగి మిరపకాయలు
(రంగుకు అవి, మంటకు మావి),
వెల్లుల్లి ఒక గడ్డ మొత్తం.
గరిటె వెనక వేలితో గీస్తే
గీత గీతలాగే నిలిచేదాకా.
నాగవేణి నాకి చూసింది.
"తొక్కు కాదు, పచ్చడి కాదు, పులుసూ కాదు."
బాగుందనలేదు.
ఇంకోసారి నాకింది.

చీటీలాయన బహుమానమిచ్చిన ఓవెన్‌.
రెండేళ్లుగా అందులో అప్పడాల డబ్బా ఉంటోంది.
డబ్బా దించి చూస్తే పలక పట్టలేదు,
మధ్యకు కోసి ఇరికించి
రేకు కప్పి
ముల్లు నూట యాభైకి తిప్పాను.
"మూడు గంటలా?" అంది హిమజ,
"ఆ లోపల గుత్తికి పోయి రావచ్చు."

నాయన కుర్చీ లాక్కుని
గాజు తలుపు ముందు కూర్చున్నాడు.
ఆవిరి ఇంజన్ల కాలపు ఫైర్‌మన్‌.
ఆయన భుజాల మీదుగా ఎన్ని టన్నుల బొగ్గు
పొయ్యిలో పడిందో ఏ రిజిస్టరులోనూ లేదు.
మంట తెలుపైతే ఒక మాట, నారింజైతే ఒక మాట,
నల్లపొగకు మాత్రం బూతు.
పార కడిగి, నెయ్యి రాసి,
మాంసం ముక్కలు దాని మీదే పరిచి
పొయ్యి నోటికి చూపించి తీసేవాళ్లంట.
రెండు సిగ్నళ్ల మధ్య కూర తయారు.

"అగ్గి యాడుందిరా?"
లోపలే నాయనా. పైనొక కడ్డీ, కిందొక కడ్డీ.
"కనపడని అగ్గిని నేను నమ్మను."

నేను నడిపేదీ కనపడని అగ్గినే.
నెత్తిన తీగ, అరచేతి కింద పిడి.
ఆ మాట అనలేదు.

రెండో గంట.
ఎర్ర దీపం వెలుగుతుంది, ఆరుతుంది, వెలుగుతుంది.
లూప్‌ లైన్లో ఎర్ర లైటు ముందు కూర్చోవడం
నాకు ఉద్యోగం నేర్పింది.
ఇంట్లో ఎవరికీ రాదు.
నాగవేణి జొన్నరొట్టెలు తట్టడం మొదలుపెట్టింది.
హిమజ తలుపు మీద చెయ్యేస్తే
నాయన మణికట్టు పట్టుకున్నాడు.
"తెరిస్తే స్టీము పోతాది పాపా."
తర్వాత తనే ఓవెన్‌ పక్కకు అరచేయి ఆనించి
"ఎక్కువైంది, తగ్గించు" అన్నాడు.
నూట యాభై అంటే నూట యాభయ్యే నాయనా,
అంటూనే తగ్గించాను.
రేకు విప్పితే
ఒక అంచు అప్పటికే నల్లబడి ఉంది.

పులుసు పూయడానికి కుంచె లేదు.
రొట్టెకు నీళ్లద్దే గుడ్డ పీలిక తీసుకున్నాను.
తిట్లు వినపడ్డాయి.
పూసి లోపల పెట్టి, తీసి, మళ్లీ పూసి,
బెల్లం బుడగలు పగిలి
నిగనిగలాడేదాకా.

ఎముక పట్టి లాగితే
కండ పళ్లెంలోనే ఉండిపోయి
ఎముక ఒక్కటే చేతికొచ్చింది.
అప్పటిదాకా రొట్టె పిండి బాలేదని, కొళాయి కారుతోందని,
హిమజకు లెక్కల్లో మార్కులు తగ్గాయని
నడుస్తున్న మాటలు
నిలిచిపోయాయి.
నాయన తిన్న ఎముకలన్నీ
పళ్లెం అంచున స్లీపర్ల మాదిరి పేర్చుకుంటూ
సందు సమంగా లేనిచోట
చూపుడువేలితో సర్దుతున్నాడు.
"పొగ తక్కువైంది" అన్నాడు.
ఏడో ఎముక తర్వాత.

తొమ్మిదింటికి లాబీ నుంచి ఫోను.
పదకొండుకు, రాయచూరు వైపు, బొగ్గు రేకు.
నాగవేణి మిగిలిన నాలుగు రొట్టెలు
అడక్కుండానే గుడ్డలో చుట్టింది.

చేతులు మూడుసార్లు కడిగినా
గోళ్ల సందుల్లో వెల్లుల్లి.
బూట్లు కట్టుకుంటూ వంటింట్లోకి తొంగిచూశాను.
స్విచ్చాపి గంటయింది.
నాయన ఇంకా అక్కడే,
ఓవెన్‌ పక్కకు అరచేయి ఆనించి.
"ఇంకా ఉండాది" అన్నాడు.