రెండోసారి ఎనిమిది

నేను ఎనిమిదో తరగతికి పొయ్యేటప్పటికి
మా అన్న అక్కడే ఉండాడు.
కిటికీ పక్క బెంచీలో, మోకాళ్లు బల్ల కింద పట్టక
కాళ్లు రెండూ నడవలోకి చాపుకొని.

తప్పలేదు వాడు. లెక్కల్లో డెబ్బై ఒకటి.
నాయనే బడి మార్చినాడు,
చిత్తూరులో బెల్లం మండీ వెనక ప్రైవేటు బడికి.
పుట్టిన తేదీలో ఒక్క అంకె మార్చినాడు.
"ఒకే ఒక సంవత్సరం రా ఢిల్లీబాబూ,
అండర్ ఫోర్టీన్‌లో నీ ముందర నిలిచేదెవుడు?
జిల్లాకి ఆడితే హాస్టలు, ఆ పైన కోటా,
ఆ పైన పోలీసు డ్రస్సు."

నాయన గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి క్రేట్లు మోస్తాడు.
కాయ ఉండేది రెండు నెలలు. తక్కిన పది నెలలు
ఆయన దేనికోసం కాచుకుంటాడో మాకు తెలుసు.
కాయను మాగేసేది చూసినాను గానీ
మాగకుండా ఆపేది మా ఇంట్లోనే చూసినా.

అన్న ఫిబ్రవరి, నేను మరుసటేడు జులై.
ఇప్పుడు కాయితం లెక్కన
మా ఇద్దరికీ మధ్య ఐదే నెలలు.
"ఎట్ల కన్నావమ్మే?" అని కస్తూరక్క ఒకటే నగు.
అమ్మ నగలా. చేటలో బియ్యం మళ్లా మొదటినుంచీ ఏరింది.
బళ్లో రెండు కాయితాలూ ఒకే బీరువాలో ఉండాయి.
ఎవురూ పక్కపక్కన పెట్టి చూడలా.

మ్యాచి ఉండే పొద్దున
నాయన వాడి పైపెదవి మీద బ్లేడు పెడతాడు.
అన్న కండ్లు మూసుకుంటాడు, గొంతులో ముడి
ఒకసారి పైకి పోయి కిందికొస్తుంది.
దాన్ని గొరిగేదానికి బ్లేడు లేదు.

నేను ఖోఖో ఆడతాను.
నా వయసు నాదే.
దాన్ని ఆపాలని ఎవురికీ తోచలా.

పుత్తూరులో ఆట.
నగరి జట్టులో గుణశేఖరని ఒక పిలకాయ,
పిచిక మాదిరి, నిక్కరు జారకుండా పిన్నీసు పెట్టుకోనుండాడు.
కూత పెట్టి వచ్చినాడు. బోనస్ గీత తాకినాడు.
అన్న నడుం పట్టినాడు, వాళ్లు నేర్పిన పట్టే,
ఎత్తి కింద ఏసినాడు.
చెరుకు విరిచినట్టు ఒక చప్పుడు.
కూత ఆగిపోయింది.
విజిల్ ఊదినారు. పాయింటు మాదే.

తరవాత సెమీఫైనల్ ఉందని
సార్లు, నాయనా ఎవురూ కదల్లేదు.
"కట్టు కట్టే ఊరు పక్కనే గదా, ఆటోలో పొండి" అన్నారు.
అన్నను బయట కూర్చోబెట్టినారు ఆ ఒక్క ఆటకి,
"కొంచేపు కనపడొద్దురా" అని.
వాడు గుణశేఖర్ని ఒళ్లో పెట్టుకున్నాడు,
నేను చెయ్యి కదలకుండా పట్టుకున్నా.
గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా
ఆ పిల్లోడు అరవంలో వాళ్లమ్మను పిలిచినాడు.

కట్టు కట్టే పెద్దాయన
బుజం మీద వేళ్లు పెట్టి కండ్లు మూసుకున్నాడు.
"ఎన్నేండ్లు?"
"పన్నెండు."
"లేత ఎముక. అతుక్కుంటాదిలే."
పసరు పూసి, కోడిగుడ్డు సొన తడిపిన గుడ్డ చుట్టి,
వెదురు దబ్బలు వరస పెడతా అడిగినాడు:
"తోడు పెద్దోళ్లెవురూ రాలేదా?"

నేను గోడ మీద క్యాలెండరు చూసినా.
గుణశేఖర్ ఏడుపు ఆపి మా అన్నను చూసినాడు.
"నేనే" అన్నాడు అన్న.
ఆ గొంతు మా ఇంట్లో ఎప్పుడూ వినలా.

రాత్రి బస్సులో నాయన ముందు సీట్లో ఉండాడు,
కప్పు ఒళ్లో, తువ్వాల కప్పి.
అన్న కిటికీకి తల ఆనించి
చానాసేపటికి అడిగినాడు:
"మే, నాకిప్పుడు ఎన్నేండ్లే?"
"పద్నాలుగు. ఇంక రెండు నెల్లకి పదైదు."
"మెల్లగా చెప్పు" అన్నాడు.
మళ్లా కొంచేపటికి,
"ఇంకొకసారి చెప్పు."