కింది జీ పలకదు

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
హౌసీ నంబర్ల బోర్డు కింద పియానో.
దానికి కింది జీ పలకదు. నొక్కితే కట్టె టక్కుమంటాది.
ఎలుక కొరికిందంటారు, చెదలంటారు.
మెల్విన్ డిక్రూజ్ సార్ మాత్రం
"రిటైరయింది, నా మాదిరే" అంటాడు.

ముప్పై రెండేండ్లు గార్డు.
బండికి తోకన కూచున్నోడు.
ఇంజను ఈ కొసన విప్పి ఆ కొసకు తగిలిస్తే
రెండు జెండాలు, ఇనప్పెట్టె తీసుకోని
ప్లాట్‌ఫారం పొడుగునా నడిచినోడు.
బోగీలు అవే. జనం వాళ్ళే.
కిటికీ పక్క పిల్లోడికి మాత్రం
ఊర్లన్నీ ఇప్పుడు వీపు వెనక నుంచి వస్తాయి.
"ఇన్వర్షన్ అంటే ఇంతేనప్పా."

జీ, బీ, డీ, ఎఫ్.
కింది బెర్తులో వాణ్ణి లేపి పై బెర్తు ఎక్కించు.
బీ కిందికొస్తే బండి కదలబోతాందనిపిస్తాది.
ఎఫ్ కిందికొస్తే
దిగాల్సిన స్టేషన్ దాటిపోయిందేమో అని
నిద్దట్లో ఉలిక్కిపడినట్టుంటాది.

ఇంగ డీని నిలవనీడు.
ఒక వేలు రవ్వంత కిందికి, ఇంకో వేలు రవ్వంత పైకి.
డీ-ఫ్లాట్. ఈ-ఫ్లాట్. నడుమ మనిషి మాయం.
ఏ-ఫ్లాట్ కూడా వేస్తాడు,
ఉగ్గానిలో పచ్చిమిరక్కాయ మాదిరి.
నా పండ్లు జివ్వుమన్నాయి.
"తప్పు కదా సార్?"
"ఇంటికి పోయే ముందర కొంచెం తప్పు ఉండాల.
బీని, ఎఫ్‌ని ఇడవద్దు.
మిగతావాళ్ళను ఏమన్నా చేసుకో."

"మరి జీ?"
"వాచీ లేకుండా టైం చెప్పలేవా?"

ఒక ఆదివారం
ఆ టక్కుమనే కట్టె జోలికే పోకుండా
డీ-ఫ్లాట్‌ని తెచ్చి కింద పరిచినాడు.
పైన అదే బీ, అదే ఎఫ్.
గుత్తి మీద రావాల్సిన బండి
బళ్ళారి మీద వచ్చినట్టు.
వచ్చింది మాత్రం గుంతకల్లుకే.
సార్ టైం చూసుకున్నాడు. చేతికి వాచీ లేదు.

పోయిన నెల పత్తికొండలో పెండ్లి.
పెండ్లికూతురు మిద్దె మెట్లు దిగుతాంటే
నా కాసియో మీద ఒక్క బారు
అట్లా పట్టినాను.
ట్రంపెట్ ఊదే కుళ్ళాయప్ప చిన్నాయన
బుగ్గలు దించకుండానే నా దిక్కు ఉరిమి చూసినాడు.

సీకి ఇంకా పోలేదు నేను.
పట్టుకోనే ఉండాను.
పెండ్లికూతురు మూడో మెట్టు మీద ఆగి
కుచ్చిళ్ళు సర్దుకుంటాండాది.