లైన్ క్లియర్

రాత్రి తొమ్మిదీ పదికి మైపాడు ఫీడర్ పడిపోయింది.
పెద్ద చప్పుడేం లేదు.
రిలేలో చిన్న జెండా వాలింది, అంతే.
సబ్‌స్టేషన్ రేకుల మీద వాన
గోతాం విప్పి శనక్కాయలు గుమ్మరించినట్టు.

పదిన్నరకి మస్తానయ్య వచ్చి
ఎల్.సి. పుస్తకంలో సంతకం పెట్టాడు.
పేరులో సగం ఇంకు, సగం నీళ్లు.
"నా నోటితో నేను చెప్పిందాకా వెయ్యబాక సామీ."
బ్రేకర్‌కి ఎర్ర అట్ట కట్టాను:
మనుషులు పనిచేయుచున్నారు.

ఇక ఫోను.

రొయ్యల గుంటల రమణారెడ్డి:
"ఏరేటర్లు ఆగి గంటన్నర. రొయ్య పైకి తేల్తా ఉండాది.
నీకు బిడ్డల్లేరా?"
ఉన్నారు. అనలేదు.

పల్లెపాళెం పోలమ్మ:
తీగ తెగి బాట నీళ్లల్లో పడుందంట,
మనవడు కట్టె తీసుకొని జరపబోతున్నాడంట.
కట్టె కూడా తడిసిందే గదమ్మా,
కేకేసి ఎనక్కి పిలువు.
ముప్పై అడుగుల దగ్గరికి ఎవుర్నీ రానీయబాకండి.
"కరెంటు లేదు గదా నాయనా?"
లేదని నేను చెప్పను.
తెలిసినా చెప్పను.

కూల్‌డ్రింకుల చెంగయ్య ఫోన్లో ఫ్రీజర్ గుర్రుమంటోంది.
"నాకేం ఇబ్బంది లేదులే, ఊరికే అడిగినా."

ఇంకొకాయన, పేరు చెప్పలేదు,
జనరేటర్ తడుస్తుందని వంటింట్లో పెట్టాడు.
"అందరికీ తలనొప్పి. ఈదురుగాలికేమో."
గాలికి కాదన్నా, పొగకి.
ముందు అందర్నీ వసారాలోకి తీసకపో,
మాటలు తర్వాత.
ఫోను చెవినే పెట్టుకుని విన్నాను:
చాప ఈడ్చిన చప్పుడు,
పసిపిల్ల ఏడుపు, గడియ,
ఆ తర్వాత వాన.
ఆ వాన విన్నాక గానీ నాకు ఊపిరాడలేదు.

ఒంటిగంటకి మస్తానయ్య.
"లైను చచ్చిందంటివే,
డిటెక్టర్ అరస్తా ఉండాది."

బ్రేకర్ చూశాను. తీసే ఉంది.
తాళం చెవి నా జేబులోనే.
నా దగ్గర్నుంచి పోలేదంటే
ఇంకెక్కడో పుట్టింది.

చిన్న జనరేటరే.
గోడ ప్లగ్గులోంచి వెనక్కి నడిచి
ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కితే
పదకొండు వేలై నిలబడుతుంది
స్తంభం మీది మనిషికి ఎదురుగా.

నన్ను రాత్రంతా తిట్టిన నంబర్లన్నీ
ఇప్పుడు నేను చేశాను.
రమణారెడ్డిది చేంజోవర్ ఉంది, సరిగానే ఉంది.
తర్వాత గుర్రుమన్న ఫ్రీజర్ గుర్తొచ్చింది.
"చెంగయ్యా, తీగ ఎక్కడ గుచ్చావు?"
"గోడకే. రెండు పక్కలా ప్లగ్గు పెట్టి ఇచ్చినాడు షాపులో."
"ముందు ఇంజను ఆపు. ప్లగ్గు ముట్టుకోబాక."
"ఐస్‌క్రీములు..."
"పైన మస్తానయ్య ఉన్నాడు."

గుర్రు ఆగింది.

రెండో ఫోన్లో మస్తానయ్య: "ఆరింది."
రాడ్డు తగిలించి ఎక్కుతానన్నాడు.

మూడున్నరకి ప్రెసిడెంటు తమ్ముడు:
"మస్తానయ్య దిగేసినాడు, నా కళ్లతో చూసినా, వెయ్యవయ్యా!"
కళ్లు ఎవరివైనా కావచ్చు.
నాకు కావలసింది నోరు.
ఉద్యోగం ఎట్టా చేస్తావో చూస్తానన్నాడు.
చూడమన్నాను.

నాలుగూ నలభై.
"దిగినా. సుధీరూ దిగినాడు. రాడ్డు తీసేసినా.
పల్లెపాళెం స్విచ్చి లాగి పెట్టినా, ఆడ తెల్లారినాకే."
"పేరు చెప్పు."
"ఏంది సామీ, నేను గాక ఇంకెవురు?"
"చెప్పు."
"మస్తానయ్య. ఎల్.సి. నూట పద్నాలుగు."
ఎర్ర అట్ట ముడి తడికి బిగుసుకుంది,
పళ్లతో విప్పాను.

ఊళ్లు ఒక్కొక్కటే వెలిగాయి.
ఫోను చచ్చినట్టు పడుంది.
వచ్చిందని చెప్పడానికి ఎవరూ చెయ్యరు.

తెల్లారుజామున ఒక్కటే మోగింది.
"అందరికీ వచ్చిందంట గదా నాయనా, మాకో?"
"నీకు రాలేదు పోలమ్మా. తీగ ఆడే ఉంది గదా."
"ఉండాది. పిల్లోడు గోనెపట్టా కప్పుకోని కాపలా ఉండాడు."
"ఎంత దూరంలో?"
"నలభై అడుగులు.
నువ్వు ముప్పై అంటివి గానీ,
వాడివి చిన్న అడుగులు."